సీఏ చదువుకు ఊరు దాటాలా?

పది ఫలితాలు రాగానే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లకు లెక్కలు బాగా వచ్చు, సీఏ చదివిద్దాం, మరి ఎక్కడ? గుంటూరు, విజయవాడ, హైదరాబాదు, బెంగళూరు పేర్లు వరసగా వస్తాయి. సొంత ఊరి పేరు ఎవరి నోటా రాదు. ఆ పేరు కూడా రావాలనే నేను ఈ వారం రాస్తున్నాను. మొదటి మెట్టైన సీఏ ఫౌండేషన్‌కు ఇల్లు వదలనక్కర్లేదు, చాలామందికి రెండో మెట్టైన సీఏ ఇంటర్‌కూ వదలనక్కర్లేదు. నగరం నిజంగా అవసరమయ్యేది ఆ తర్వాత, ఆడిటర్ ఆఫీసులో పని నేర్చుకునే ఆర్టికల్‌షిప్‌కు. ఉన్న డబ్బంతా మొదటి మెట్టు మీదే పోసేస్తే, అవసరమైన మెట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఖాళీ అవుతుంది.

ముందు ఈ పరీక్ష స్వభావం చూడాలి. 1949 నాటి చట్టంతో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ దేశమంతటికీ ఒకే సిలబస్, ఒకే ప్రశ్నపత్రం ఇస్తుంది, పేపర్లూ తనే దిద్దిస్తుంది. ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లు, ఒక్కోటి వంద మార్కులు. ప్రతి పేపర్లో కనీసం 40, మొత్తం మీద కనీసం 200 రావాలి. పాఠ్యపుస్తకాలు, రివిజన్ టెస్ట్ పేపర్లు, మాక్ టెస్టులు, పాత ప్రశ్నలకు జవాబులు అన్నీ ఇన్‌స్టిట్యూటే తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడుతోంది. ఆన్‌లైన్ పాఠాలు కూడా డబ్బు తీసుకోకుండా చెబుతోంది. అంటే చదవాల్సిన సరుకు బెంగళూరు విద్యార్థికి ఎంత అందుతుందో పెనుకొండ విద్యార్థికీ అంతే అందుతుంది. ఫలితాలు చూడండి. 2023 డిసెంబరులో ఫౌండేషన్ రాసిన 1,37,153 మందిలో 41,132 మంది పాసయ్యారు, నూటికి దాదాపు 30. ఆరు నెలలు తిరిగి, 2024 జూన్‌లో కొత్త విధానం మొదలయ్యేసరికి 91,900 మందిలో పాసైంది 13,749 మందే, నూటికి 15 కూడా లేరు. ఆ ఆరు నెలల్లో పెద్ద నగరాల శిక్షణ సంస్థలేమీ మూతపడలేదు, అక్కడి మేష్టార్లూ మారిపోలేదు. ఉత్తీర్ణత మాత్రం సగానికి పడిపోయింది. ప్రశ్నపత్రం మారితే ఏ సంస్థ పేరూ అడ్డుపడదని దీన్నిబట్టి తెలుస్తోంది.

‘మరి ఆ ర్యాంకులో?’ అంటారు. కోచింగ్ సంస్థ బ్యానర్ మీద ర్యాంకు వచ్చిన పిల్లల ఫొటోలుంటాయి. ఆ ఏడు అక్కడ ఎంతమంది చేరారో మాత్రం ఉండదు. వెయ్యి మంది చేరితే పదిమందికి ర్యాంకులు రావడానికీ, ఇరవై మంది చేరితే ఇద్దరికి రావడానికీ ఉన్న తేడా ఫొటోల్లో కనిపించదు. ఈ బాధ ప్రభుత్వం దాకా వెళ్లింది కాబట్టే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు ఇచ్చింది. నూరు శాతం ఎంపిక అని గ్యారంటీ ఇవ్వకూడదు. గెలిచిన విద్యార్థి ఫొటో వేస్తే ఆ సంస్థలో ఏ కోర్సు, ఎంతకాలం చదివాడో కూడా చెప్పాలి. అదే ఏడాది జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి కట్టిన ఫీజును పది రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఫీజు కట్టడానికి వెళ్లే తల్లిదండ్రులు ఈ రెండు విషయాలూ ధైర్యంగా అడగొచ్చు.

ఇక ఈ పరీక్షలో పిల్లలు ఎక్కడ తడబడతారు? విన్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, రాయబోతే పెన్ను కదలదు. సరుకు నిల్వల పాఠమే తీసుకోండి. హిందూపురం చింతపండు వ్యాపారి సీజన్లో కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. మార్చి 31న లెక్క కట్టాలి. కొన్న ఖర్చు, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే సొమ్ము, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే పుస్తకంలో రాయాలంటుంది అకౌంటింగ్ స్టాండర్డ్ 2. కోల్డ్ స్టోరేజీ అద్దె సరుకు ఖర్చులో కలపాలా? ‘కలపాలి’ అని చాలామంది చెయ్యి వెళ్లిపోతుంది. కలపకూడదు. తయారీలో తప్పనిసరి భాగమైన నిల్వ ఖర్చునే కలపనిస్తుంది ఆ నియమం. ధర్మవరంలో అదే రోజున మగ్గం మీద సగం నేసిన పట్టుచీర ఉంటుంది. అది చీర కాదు, పట్టుదారమూ కాదు. పడుగుకు, పేకకు పట్టిన పట్టు, పడిన జరీ, ఆనాటిదాకా అయిన మజూరి లెక్కేసి, తయారీలో ఉన్న సరుకుగా చూపించాలి. ఇలాంటి లెక్క ఒకసారి తనంతట తాను రాసి, తప్పు రాసి, ఎవరో ఎర్రపెన్నుతో దిద్దితే అది జన్మలో మర్చిపోరు. ఆ దిద్దే మనిషి కావాలి. మూడు వందల మంది కూర్చున్న హాల్లో ఒక్కొక్కరి జవాబు చదివి దిద్దడం ఏ మేష్టారికైనా కష్టమే. మన ఊళ్లలో ప్రాక్టీసు చేసే ఆడిటర్లున్నారు, డిగ్రీ కళాశాలల్లో కామర్స్ అధ్యాపకులున్నారు. నలుగురైదుగురు పిల్లల తల్లిదండ్రులు కలిసి అడిగితే, వారానికో పేపరు దిద్దడానికి వాళ్లలో ఒకరు దొరకకపోరు.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది ఇంగ్లీషు. పరీక్ష ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ రాయాలి, తెలుగులో కుదరదు. తెలుగు మీడియం పిల్లకు బిజినెస్ లా పేపరు కొండలా కనిపిస్తుంది. నిజమే. కానీ హాస్టల్లో పడేసినంత మాత్రాన ఇంగ్లీషు రాదు. రోజుకో సెక్షన్ చదివి, దాన్ని తన మాటల్లో ఇంగ్లీషులో ఒక పేజీ రాస్తే వస్తుంది. రెండోది గణితం. ఇంటర్మీడియట్‌లో లెక్కలు లేని సీఈసీ చదివిన పిల్లలకు క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్ పేపరు భయం, పైగా తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. దీనికి కోచింగ్ కావాలని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ గణితం ఊళ్లోని లెక్కల మాస్టారు చెప్పగలిగేదే. మూడోది వాతావరణం. ఇంట్లో చుట్టాలు, టీవీ, ఆడపిల్లైతే వంటపని. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇంట్లో చదువుకు చోటూ సమయమూ దక్కని పిల్లకు బయట గది చూడటమే న్యాయం. కానీ అమ్మాయిని దూరం పంపడానికి వెనకాడే ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. అక్కడ ‘ఊళ్లో చదివితే లాభం లేదు’ అనే మాట ఆమె చదువునే ఆపేస్తుంది. పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు ఆమె జోలికి ఎవరూ వెళ్లకపోతే ఆమె సీఏ ఇక్కడే మొదలవుతుంది. కామర్స్ డిగ్రీ 55 శాతంతో పాసైతే ఫౌండేషన్ లేకుండా నేరుగా సీఏ ఇంటర్‌లో చేరే దారి కూడా ఉంది. ఊళ్లో బీకాం చదివే వాళ్లలో చాలామందికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

సీఏ ఇంటర్ అయ్యాక మాత్రం నా మాట మారుతుంది. 2023 జులై నుంచి ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. నేర్చుకునే కాలం తగ్గినప్పుడు ఏ ఆఫీసులో నేర్చుకుంటున్నామన్నది మరింత ముఖ్యమవుతుంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది, చుట్టూ దానికి విడిభాగాలిచ్చే కంపెనీలున్నాయి. అలాంటి కంపెనీల పుస్తకాలు లోపలి నుంచి చూడాలంటే వాటిని ఆడిట్ చేసే పెద్ద ఆఫీసులో ఉండాలి. హిందూపురానికి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లే. కనీస స్టైపెండ్ కూడా నగర జనాభానుబట్టి నిర్ణయిస్తారు, పెద్ద నగరంలో ఎక్కువ. అయినా అది గది అద్దెకు, తిండికి చాలకపోవచ్చు. పదహారేళ్లప్పుడు హాస్టల్‌కు కట్టకుండా మిగిల్చిన డబ్బు ఇక్కడ అక్కరకొస్తుంది.

కాబట్టి ఈ వేసవిలో ఎక్కడైనా అడ్వాన్సు కట్టే ముందు ఒక పని చేయండి. ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఫౌండేషన్ అకౌంటింగ్ మొదటి పాఠం ఉంది. అది మీ అమ్మాయితోనో అబ్బాయితోనో పదిహేను రోజులు చదివించండి. చివర ఉన్న ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాయించి, మీ ఊరి ఆడిటర్ దగ్గరికి తీసుకెళ్లి దిద్దమని అడగండి. ఎక్కడ చేర్చాలన్నది ఆ కాగితం చూశాక నిర్ణయించండి.