రెండో ఫోటో

ఫోను తెరలు గీయడం నా వృత్తి. ఏ బటన్ ఎక్కడుండాలా అని గంటలకొద్దీ వాదించుకుంటాం. డిజైన్ నిపుణుడు డాన్ నార్మన్ 1993లో ఆపిల్‌లో చేరి తన హోదాలోనే ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్’ అని పెట్టుకున్నాక ఈ పనికి ఓ పేరొచ్చింది, తర్వాత మంచి జీతాలూ వచ్చాయి. ఆ యూజర్ ఎవరో తేల్చుకోవడం దగ్గరే మావాళ్లు బోల్తా పడుతుంటారు.

మా అనంతపురం సంగతే తీసుకోండి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలోనే. మా వైపు దాన్ని కరువు పని అంటారు. 2021లో దానికి ఎన్‌ఎంఎంఎస్ అనే హాజరు యాప్ వచ్చింది, 2023 జనవరి నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగతా అన్ని పనుల దగ్గరా తప్పనిసరి చేశారు. కూలీల పని చూసుకునే మేట్ పొద్దున హాజరు వేసి వాళ్ల ఫోటో తీయాలి. నాలుగు గంటలయ్యాక ఇంకొకటి. సిగ్నల్ లేనిచోట పొద్దుటి ఫోటోను ఫోనులోనే దాచి తర్వాత పంపే ఏర్పాటుంది. అది ఆలోచించినవాళ్లకు దండం పెట్టొచ్చు.

నా పేచీ ఆ నాలుగు గంటలతోనే. కరువు పనిలో కూలి కట్టేది తవ్విన మట్టి కొలతను బట్టి. మే నెల ఎండకు జడిసి జనం తెల్లారీ తెల్లారకముందే పార పడతారు, పొద్దెక్కేలోగా కందకం ముగించాలని చూస్తారు. పని అయ్యాక రెండో ఫోటో కోసం నీడ వెతుక్కుని కూర్చున్న సేపు ఏ కొలతలోకీ రాదు. యాప్ తెరిచేది మేట్, ఫోటోలు చూసేది ఆఫీసు. ఫోటో ఎక్కకపోతే కూలికి ఎసరొచ్చేది మాత్రం గుంతలో ఉన్న ఆడమనిషికి. ఆమె కోసం ఆ యాప్‌లో ఒక్క తెరా లేదు.

ఈ ఫోటోలు దొంగ మస్టర్లను, అంటే పనికి రానివాళ్ల పేర్లెక్కించిన హాజరు పట్టీలను, పట్టుకోవడానికే అంటారు. అవి లేవా? ఉన్నాయి. వాటిని పట్టుకోవడానికి మన రాష్ట్రంలో అంతకుముందే సామాజిక తనిఖీ ఉంది. మస్టరులోని పేర్లూ రోజులూ అందరి ముందూ గట్టిగా చదువుతారు. అక్షరం రాని మనిషి కూడా విని, “ఆ వారం నేను పనికే పోలేదు సారూ” అని లేచి చెప్పొచ్చు. నా లెక్కలో అంతకంటే మంచి డిజైన్ ఆ యాప్‌లో ఎక్కడా లేదు.

నా చేతికిస్తే ముందు ఓ స్పీకర్ బటన్ పెడతాను. పని ముగించి జనం ఇళ్లకు పోయేముందు మేట్ దాన్ని నొక్కితే ఆ రోజు హాజరు పడినవాళ్ల పేర్లన్నీ తెలుగులో పైకి వినబడాలి. పేరు రానివాళ్లు అక్కడే అడుగుతారు. రెండో ఫోటో సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.