రెండో బంతి

‘లవ్ అండ్ బాస్కెట్‌బాల్’ (2000) సినిమా మళ్ళీ చూశాను. మొదటిసారి చూసినప్పుడు చివరి సన్నివేశానికి కళ్ళు చెమర్చాయి. మోనికా లాస్ ఏంజలిస్ స్పార్క్స్ జెర్సీలో కోర్టులోకి వస్తుంది. ప్రేక్షకుల్లో భర్త క్విన్సీ, అతని ఒళ్ళో కూతురు. ఆట వదలకుండానే ఇల్లూ దక్కిన కథానాయిక మనకెంత అరుదు! దర్శకురాలు జీనా ప్రిన్స్-బైత్‌వుడ్ మీద ఆ గౌరవం ఇప్పటికీ ఉంది. కానీ ఈసారి ఆ ముగింపు నన్ను ఇబ్బంది పెట్టింది. మోనికా కోపాన్నీ, పంతాన్నీ అంత ఓపిగ్గా చూపించిన సినిమా, ఆడవాళ్ళ లీగ్‌ని మాత్రం బహుమతిలా ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది. అది ఎవరి లీగ్, ఏ షరతుల మీద వచ్చింది అని అడగదు.

1997లో మొదలైన ఆ డబ్ల్యూఎన్‌బీఏని పెట్టింది మగవాళ్ళ లీగ్ ఎన్‌బీఏ. మొదట్లో జట్లన్నీ దాని సొంతమే. మగవాళ్ళ సీజన్ అయిపోయి స్టేడియాలు ఖాళీగా ఉండే వేసవిలో ఆడవాళ్ళ ఆట. పెళ్ళి భోజనాల్లో మగవాళ్ళు తిని లేచాక కూర్చునే రెండో బంతి గుర్తొచ్చింది నాకు. (భోజనాల వరసకీ ఆడే బంతికీ మన భాషలో ఒకటే మాట!) మొదటి బంతిలోనే కూర్చుంటామన్నవాళ్ళూ లేకపోలేదు. 1996లో మొదలైన అమెరికన్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఆడవాళ్ళు చలికాలంలో, అసలు సీజన్‌లోనే ఆడారు. జీతాలూ మెరుగు. డబ్బు చాలక 1998 డిసెంబర్‌లో, మూడో సీజన్ మధ్యలో, అది మూతపడింది. అంతకుముందు రెండుసార్లూ గెలిచిన కొలంబస్ క్వెస్ట్ పేరు ఇవాళ ఎంతమందికి గుర్తు?

పోనీ, మూతపడని లీగ్‌లో గెలిచినవాళ్ళ మాటేమిటి? 1997 నుంచి 2000 దాకా వరసగా నాలుగుసార్లు హ్యూస్టన్ కామెట్స్ జట్టే ఛాంపియన్. నాలుగు ఫైనల్స్‌లోనూ ఉత్తమ క్రీడాకారిణి సింథియా కూపర్. సొంత దేశంలో ఆడే చోటు లేక పదేళ్ళు స్పెయిన్‌లో, ఇటలీలో ఆడి, ముప్ఫై నాలుగేళ్ళకి ఈ లీగ్‌లో అడుగుపెట్టిన మనిషి. షెరిల్ స్వూప్స్ 1997 జూన్‌లో కొడుకుని కన్న ఆరు వారాలకే ఆటకి దిగింది. దీన్ని మాతృశక్తి అని మురిసిపోయే రాతలు నాకు పడవు. ఆ ఆరు వారాల ఒళ్ళు ఎలా ఉంటుందో కన్నవాళ్ళకి తెలుసు. 1999 ఆగస్టులో సహచరి కిమ్ పెరోట్ క్యాన్సర్‌తో చనిపోయింది. కొద్ది రోజులకే మిగిలినవాళ్ళు మూడో టైటిల్ గెలిచారు. అలాంటి జట్టుని కొనేవాళ్ళు దొరక్క 2008 డిసెంబర్‌లో రద్దు చేసేశారు.

తర్వాత కూడా, 2015లో, డయానా టౌరాసీ ఈ లీగ్ సీజన్ మానేసి విశ్రాంతి తీసుకుంది. అలా మానేసినందుకు రష్యా క్లబ్బు ఇచ్చిన డబ్బు ఆడితే ఇక్కడ వచ్చే జీతం కన్నా ఎక్కువ.

క్విన్సీ ఒళ్ళో పాపకి ఇప్పుడు పాతికేళ్ళు దాటి ఉంటాయి. ఆమె ఏ నెలల్లో ఆడుతోందో, ఎంతకి ఆడుతోందో చూపించే సినిమా ఎవరైనా తీస్తే మొదటి ఆటకే వెళ్తాను.