సమూయేలు పేరులో సౌలు

మొక్కు ఫలించి పుట్టినవాణ్ణి ఏడుకొండలనో తిరుపతయ్య అనో పిలుచుకునే మనకు హన్నా కథ కొత్తగా తోచదు. ఆమెకు సంతానం లేదు. సవతి పెనిన్నా దెప్పుతూ ఉంటుంది. షిలోహు మందిరంలో పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థిస్తుంటే యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకుంటాడు. కొడుకు పుడితే దేవుడికే ఇచ్చేస్తానని మొక్కుకుంది. పుట్టాడు. దేవుణ్ణి అడిగి తెచ్చుకున్నాను గనుక 'సమూయేలు' అన్నది.

చిక్కంతా ఇక్కడే ఉంది. హీబ్రూలో అడగడానికి ధాతువు 'షాఅల్'. అది 'షెమూఎల్'లో లేదు. 'షేమ్' అంటే పేరు, 'ఎల్' అంటే దేవుడు. దేవుని పేరు అని ఒక అర్థం. 'దేవుడు విన్నాడు' అని ప్రచారంలో ఉన్న అర్థం వినసొంపే గాని, వినడమనే క్రియలోని 'అయిన్' అక్షరం ఈ పేరులో కనిపించదు. హన్నా చెప్పిన అర్థం అచ్చంగా సరిపోయే పేరు మరొకటుంది: షాఊల్. మన బైబిలులోని సౌలు, ఇశ్రాయేలీయుల మొదటి రాజు.

దీన్ని పట్టుకుని కొందరు పండితులు ఈ పుట్టుక కథ మొదట సౌలుదేననీ, తరువాత సమూయేలుకు అంటగట్టారనీ అన్నారు. నేను ఒప్పుకోలేను. పొరపాటైతే ఒక్కచోట జరగాలి. ఈ కథకుడు సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలో ఆ ధాతువును మళ్లీ మళ్లీ మోగిస్తాడు. ఏలీ దీవెనలో ఉంది, తల్లి మాటలో ఉంది. పాలు మాన్పించిన బిడ్డను తెచ్చి అప్పగిస్తూ ఆమె పలికే మాట సాక్షాత్తూ 'షాఊల్'. అదే ధాతువుకు ఎరువివ్వడం అన్న అర్థం కూడా ఉంది.

తెలుగు బైబిలు ఇక్కడ 'ప్రతిష్ఠించు' అన్న మాట వాడింది. గుడి వాసన ఉన్న మంచి మాటే. అడగడంతో దాని చుట్టరికం మాత్రం తెగిపోయింది. 'అడిగి తెచ్చుకున్న నగ' అంటే ఎరువు సొమ్మని మన ఇళ్లలో ఆడవాళ్లందరికీ తెలుసు. ఆ పలుకుబడిని పట్టుకుని ఉంటే సగమైనా దక్కేది. అయినా అనువాదకులను ఆడిపోసుకోను. అలెగ్జాండ్రియాలో స్థిరపడి గ్రీకు మాట్లాడే యూదుల కోసం క్రీ.పూ. 3వ శతాబ్దంలో మొదలైన అనువాదంలోనూ ఇంతే జరిగింది. పేర్ల చప్పుడు మిగిలింది, మాట మిగలలేదు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషగా తరాలు గడిపిన మనకు ఈ నష్టం ఎలాంటిదో వేరే చెప్పాలా!

8వ అధ్యాయంలో జనం రాజు కావాలని అడుగుతారు. అక్కడా అదే ధాతువు. హన్నా తిరిగి ఇచ్చేస్తానంటూ అడిగింది. వీళ్లు పొరుగు జాతులకున్నట్టు తమకూ ఉండాలని అడిగారు. వాళ్లకు దొరికిన రాజు పేరే 'అడిగి తెచ్చుకున్నవాడు'. అభిషేకం చేసింది సమూయేలు.

28వ అధ్యాయంలో ఫిలిష్తీయుల దండును చూసి బెదిరిన సౌలు దేవుణ్ణి అడుగుతాడు. 'వయ్యిష్అల్ షాఊల్': క్రియ పక్కనే పేరు, రెండిటికీ ధాతువొకటే. జవాబు రాదు. రాత్రివేళ మారువేషంలో ఏన్దోరు వెళ్లి, కర్ణపిశాచి గల స్త్రీ చేత చనిపోయిన సమూయేలును రప్పిస్తాడు. నన్నెందుకు అడుగుతున్నావంటాడు సమూయేలు. హన్నా వాడిన ధాతువే.