ఇంటి లెక్క ఒక్కరి బుర్రలోనేనా?

పప్పు రుచిగా కుదిరితే అది అమ్మ చేతి మహిమ అంటాం. ఇల్లు ఒద్దికగా ఉంటే ఆమె ఓపిక అంటాం. పిల్లల గది ముచ్చటగా కనిపిస్తే ఆమె ప్రేమ అంటాం. ఈ పొగడ్తల్లో ఎక్కడా తెలివి, అభ్యాసం, అనుభవం అన్న ఊసే ఉండదు. మహిమను నేర్పేవాళ్లూ ఉండరు, నేర్చుకునేవాళ్లూ ఉండరు. అందుకే ఆ పని ఎవరి నెత్తిన ఉందో వాళ్ల నెత్తినే ఉండిపోతుంది. ఇల్లు నడపడం నేర్చుకుంటే ఎవరికైనా వచ్చే విద్య. అందులో చేతిపని కంటే నిర్ణయాల బరువే ఎక్కువ. ఈ రెండు సంగతులూ ఒప్పుకోకుండా ఇంటిపని పంచుకోవాలని ఎన్ని నీతులు చెప్పుకున్నా అవి గుమ్మం బయటే ఆగిపోతాయి.

ఇడ్లీ పిండి సంగతే చూడండి. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ అన్న కొలత ఎవరైనా చెబుతారు. ఎండాకాలం రాత్రి రుబ్బి పెట్టిన పిండి తెల్లారేసరికి గిన్నె దాటి పొంగుతుంది. అదే పిండి చలికాలంలో పొద్దెక్కినా కదలదు, కాబట్టి ముందే నానబోసి ముందే రుబ్బాలి. ఈ సంగతి కొలతలో ఉండదు. దోసెల పిండి పులిస్తే ఊతప్పాలో పునుగులో అవుతుంది, పెరుగు పుల్లబడితే మజ్జిగ పులుసవుతుంది, రాత్రి మిగిలిన అన్నం పొద్దున తాలింపు అన్నమవుతుంది. తోటకూర తెచ్చిన రోజే వండాలి, కంద వారం ఆగుతుంది. ఒకరికి జ్వరం తగిలితే ఆ పూట మిరియాల చారు, ఇంకొకరికి పరీక్ష ఉంటే ముందు రోజు వేపుళ్లు తగ్గించాలి. సరుకుల నిల్వ, వాతావరణం, ఖర్చు, నలుగురి ఒంటి తీరు ఇన్నీ కలిపి రోజూ వేసే లెక్క ఇది. పొయ్యి వెలిగించేసరికే సగం పని అయిపోయి ఉంటుంది, కాకపోతే అది ఎవరి కంటికీ కనబడదు.

కంటికి కనబడే సగం మాత్రం లెక్కకు అందింది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. చేసే మగవాళ్లు వెచ్చించేది 97 నిమిషాలు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టే ఆడవాళ్లు నూటికి 81 మంది, మగవాళ్లు 26 మందే. 2024 సర్వేలో ఆ నిమిషాలు 289, 88గా తేలాయి. అంటే అయిదేళ్లలో తేడా 202 నుంచి 201 నిమిషాలకు దిగిందన్నమాట! పరిహారం కేసుల్లో న్యాయస్థానాలు కూడా ఈ పనికి విలువ కట్టాల్సి వచ్చింది. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవల విలువను నెలకు 3,000 రూపాయలుగా లెక్కించింది. 2021 జనవరిలో కీర్తి కేసు తీర్పులో జస్టిస్ ఎన్‌.వి. రమణ 2019 సర్వే అంకెలనే ఉదహరిస్తూ వంట, సరుకులు, పిల్లలు, పెద్దలు, ఇంటి బడ్జెట్ అంటూ గృహిణి చేసే పనుల జాబితా రాశారు. ఆ జాబితాలో బడ్జెట్ చోటు చేసుకోవడం చిన్న విషయం కాదు. అది చేతులతో చేసే పని కాదు కదా.

ఇదంతా ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చే గుణమేనని వాదించేవాళ్లున్నారు. అలాగైతే మంచి వంటను మనం నలభీమ పాకమని ఎందుకంటున్నాం? ఆ ఇద్దరూ మగవాళ్లే. పెళ్లిళ్లలో వెయ్యి మందికి సరిపడా గుండిగలు దించేది ఎక్కువగా మగ వంటవాళ్లే, తిరుమల పోటులో లడ్డూ కట్టేదీ మగవాళ్లే. కూలీ, పేరు, హోదా ఉన్నచోట గరిట మగచేతిలోకి ఇట్టే వచ్చింది. ఇవేవీ లేని ఇంటి పొయ్యి దగ్గరే అది పుట్టుకతో వచ్చిన గుణమైపోయింది.

మిక్సీ, వాషింగ్ మెషీన్, వీధి చివర కర్రీ పాయింట్ ఉండగా ఇంకా ఈ చర్చ ఎందుకన్నది రెండో మాట. రుబ్బురోలు పోయినందుకు ఎవరూ బాధపడనక్కర్లేదు. యంత్రం శ్రమ తీసుకుంటుంది గాని నిర్ణయం తీసుకోదు. ఇంటి యంత్రాల చరిత్ర రాసిన అమెరికా రచయిత్రి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ప్రచురించిన పుస్తకంలో ఓ ఆసక్తికరమైన విషయం గమనించారు. కట్టెలు కొట్టడంలాంటి మగవాళ్ల, పిల్లల పనులను పరిశ్రమలు తీసేసుకున్నాయి, తల్లి పని మాత్రం తల్లికే మిగిలింది. మనకూ అంతే. నీళ్లు మోయడం, కట్టెలు చీల్చడం, పిండి మరకు వెళ్లి రావడం ఇంటిల్లిపాదికీ ఉండే పనులు. కుళాయి, గ్యాసు, ప్యాకెట్ పిండి వచ్చి మిగతావాళ్లకు సెలవు దొరికింది. కర్రీ పాయింట్ నుంచి ఏం తేవాలి, ఎవరికి ఆ మసాలా పడదు అని ఆలోచించే మనిషి మాత్రం మారలేదు.

మరి ఈ విద్య ఎక్కడ మొదలుపెట్టాలి? పిల్లల గది నుంచి. వేరే గది లేని ఇళ్లే ఎక్కువ కాబట్టి పిల్లల మూల అనుకున్నా చాలు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తొలి బాలల బడి తెరిచి, పిల్లల ఎత్తుకు సరిపడే బల్లలు, అలమరలు పెట్టించారు. నీళ్లు ఒంపడం, ఊడ్చడం, భోజనానికి బల్ల సర్దడం అక్కడ పాఠాలే. 1939లో ఆమె మద్రాసు వచ్చి మన ఉపాధ్యాయులకూ ఆ పద్ధతి నేర్పారు. మన బొమ్మల కొలువులో ఉన్నదీ ఈ చదువే. ట్రంకు పెట్టెలు, పలకలు పేర్చి మెట్లు కట్టి, పైన పాత చీర పరిచి, కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు ఏ వరుసలో నిలపాలో పిల్లలే తేల్చుకుంటారు. తోట కోసం వారం ముందే రాగులో ఆవాలో చల్లాలని గుర్తుపెట్టుకుంటారు. పండగయ్యాక బొమ్మలను గుడ్డల్లో చుట్టి పెట్టెలో సర్దుతారు. కార్టూన్ స్టిక్కర్లు, కారు ఆకారపు మంచం కొని తెచ్చిన గదిలో పిల్లలకు ఇలా నిర్ణయించుకునే అవకాశం ఉండదు. పాత అట్టపెట్టెలతో పుస్తకాల అర చేసుకుని, దాన్ని సర్దే బాధ్యతా తమదేనంటే అందం కాస్త తగ్గుతుంది, ఆ గదికి యజమాని మాత్రం తయారవుతాడు.

ఇంటిపనిని కళ అని పొగిడితే ఆడవాళ్లను మళ్లీ వంటింట్లోకే తోసినట్టవుతుందన్న భయం గట్టిది. కవయిత్రి విమల రాసిన ‘వంటిల్లు’ కవిత అంతమంది ఆడవాళ్లను కదిలించిందంటే, ఆ గదిలో ఉక్కపోత నిజం కనుకనే. ఆడపిల్లలకు మాత్రమే నేర్పితే ఆ భయం నిజమవుతుంది. ఇద్దరికీ నేర్పితే గది ఒకరి చెర కాకుండా పోతుంది. మార్కుల వేటలో పిల్లలకు తీరికేదన్న తల్లిదండ్రులూ ఒకటి గమనించాలి. అమెరికాకు ఎమ్మెస్‌కని వెళ్లినవాడు పప్పుకు ఎన్ని విజిల్స్ రావాలో వీడియో కాల్‌లో అడుగుతుంటే, మనం వాయిదా వేసిన పాఠమే అక్కడ మొదలవుతోంది. ఆ పాఠానికి ఇక్కడైతే రోజుకు అరగంట చాలు.

పంపకమంటే కూరగాయలు తరిగివ్వడం, చెప్పిన సరుకు పట్టుకురావడం కాదు. ఏం కావాలో గుర్తుంచుకునే బరువు చేతులు మారినప్పుడే అది పంపకం. వచ్చే ఆదివారం రాత్రి భోజనాన్ని, కూర ఎంచుకోవడం దగ్గర్నుంచి సింకు కడిగేదాకా, మీ ఇంట్లో వంట రాని మనిషికి అప్పగించండి. అడిగితే చెప్పండి. అడగకపోతే వంటింట్లోకి వెళ్లకండి.