పావుగంటకు మళ్లీ చూడు

గర్భిణుల రిజిస్టర్‌లో 120/80, 110/70, 120/80 అని వరుసగా కనిపిస్తే నాకు సంతోషం కలగదు, అనుమానం వస్తుంది. ఊళ్లో అందరి బీపీ సున్నాతో ముగిసే అంకె దగ్గరే ఆగదు కదా. జాకెట్టు చెయ్యి మీదే పట్టీ చుట్టి, ఒక కన్ను క్యూ మీద ఉంచి గాలి వదిలేస్తే అలాంటి అంకెలు వస్తాయి. ఎక్కడైనా 138/88 కనిపిస్తే రాసిన సిస్టర్ ఎవరో కనుక్కుంటాను. ఆమె నిజంగా చూసింది.

కొత్తగూడెంలో కాన్పులు చేసే మాకు బీపీ గైడ్‌లైన్లు తెలియక కాదు. ప్రసవాల గది గోడకు చార్టు అంటించే ఉంటుంది. ఇరవై వారాలు నిండాక నాలుగు గంటల తేడాతో రెండుసార్లు 140/90 గానీ అంతకు మించి గానీ వస్తే గర్భంతో వచ్చిన బీపీ అనుకోవాలి. మూత్రంలో ప్రోటీన్ పడితే ప్రీఎక్లాంప్సియా. ప్రోటీన్ పడకపోయినా ప్లేట్‌లెట్లు తగ్గినా, లివర్, కిడ్నీ పరీక్షలు తేడాగా వచ్చినా అదే జబ్బు. పైఅంకె 160 గానీ కిందిది 110 గానీ తాకిందంటే నాలుగు గంటల లెక్క చెల్లదు. పావుగంటకు మళ్లీ చూడాలి, తగ్గకపోతే గంట దాటకుండా మందు పడాలి. 37 వారాలు నిండితే ఇక కాన్పు చెయ్యడమే, ఎందుకంటే మాయ కడుపులో ఉన్నంతకాలం ఈ జబ్బు వదలదు. అంతా కలిపి ఒక పేజీ.

కష్టమంతా ఆ పావుగంటలో ఉంది.

వేసవిలో ఆళ్లపల్లి వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. తొలిచూలు, 35 వారాలు. భర్త ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టు డ్రైవరు, డ్యూటీ దిగలేదు. అత్త తోడొచ్చింది. బీపీ 164/106. "ఎండన పడొచ్చినం మేడం, రాత్రి నిద్ర కూడ లేదు, అందుకే ఎక్కింది" అంది అత్త. మా జూనియర్ కూడా "కాసేపు పడుకోబెడదాం మేడం, అదే దిగుతుంది" అంది. ఇద్దరి మాటా కొట్టిపారేసేది కాదు. ఎండకు, నడకకు, భయానికి, ఆపుకున్న మూత్రానికి కూడా బీపీ ఎక్కుతుంది. అందుకే మళ్లీ చూడమన్నారు. ఎలా చూడాలో కూడా చెప్పారు. బాత్రూంకు వెళ్లి రమ్మని, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నోరు మెదపనివ్వకుండా చూడాలి. పడుకోబెట్టి చూడటంలో ఒక మోసం ఉంది. ఎడమ పక్కకు తిప్పి పైచేతికి పట్టీ చుడితే, ఆ చెయ్యి గుండెకంటే ఎత్తులో ఉండి బీపీ తక్కువ చూపిస్తుంది. అందరం ఊపిరి పీల్చుకుంటాం. బీపీ మాత్రం ఎక్కడికీ పోదు.

పావుగంటకు 166/108. తలనొప్పి ఉందా అంటే లేదని తల ఊపింది. కళ్ల ముందు మెరుపులా? లేవు. డొక్కలో నొప్పా? అమ్మాయి నోరు తెరిచేలోపే అత్త అందుకుంది: "గ్యాస్ మేడం, పొద్దుగాల నుంచి. షాపుల గోలీ తెచ్చి ఏసినం." కుడివైపు పక్కటెముకల కింద చెయ్యి పెడితే అమ్మాయి ముడుచుకుపోయింది. ఈ జబ్బులో అక్కడ నొప్పి వస్తే లివర్ మీద పడుతోందని భయపడాలి.

నిఫెడిపిన్ పది మిల్లీగ్రాములు మింగించాం. మింగించాం అని ఎందుకు చెబుతున్నానంటే, క్యాప్సూల్‌ను సూదితో పొడిచి నాలుక కింద పిండటం ఒకప్పుడు అందరి అలవాటు, ఇప్పటికీ కొందరిది. అలా చేస్తే బీపీ ఒక్కసారిగా కూలిపోయి మాయకు రక్తం అందక లోపలి బిడ్డ ఇబ్బంది పడొచ్చు. 120/80కి దించమని ఎవరూ అడగలేదు. పైఅంకె 140, 150 మధ్య నిలబడితే చాలు. నోటి మందులతో ఇంత బీపీ తగ్గుతుందా అని అడిగేవాళ్లకు జవాబు మన పక్కనున్న నాగపూర్ నుంచే వచ్చింది. అక్కడి రెండు ప్రభుత్వాసుపత్రుల్లో దాదాపు 900 మంది గర్భిణులకు నిఫెడిపిన్, లాబెటలాల్, మిథైల్‌డోపాల్లో ఏదో ఒకటి నోటిద్వారా ఇచ్చి చూశారు. 2019లో లాన్సెట్‌లో అచ్చయింది. ఏ మందు తీసుకున్నా నూటికి 75 మందికి పైగా ఆరు గంటల్లో బీపీ అదుపులోకి వచ్చింది. పంపు లేదు, ఇంజెక్షన్ స్టాకు లేదు అని చేతులు ముడుచుకునే అవకాశం అప్పటితో పోయింది.

ఇక మాగ్‌సల్ఫ్, అంటే మెగ్నీషియం సల్ఫేట్. పాతవాళ్లు గుర్రపువాతం అన్న ఫిట్స్‌ను ఆపేది, రాకుండా చూసేది ఇదే. ఆంపూల్‌కు రెండు మిల్లీలీటర్లు, అంటే ఒక గ్రాము. మొదటి విడతకు పద్నాలుగు ఆంపూల్స్ విరగ్గొట్టాలి. నాలుగింటిని డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేసి ఐదు నిమిషాలకు తగ్గకుండా నరంలోకి ఎక్కించాలి. మిగిలిన పదీ ఐదేసి చొప్పున రెండు పిరుదుల్లోకి, లోతుగా. ఒళ్లంతా సెగలు పుడతాయి. ఆ సంగతి ముందే చెప్పకపోతే పేషెంటు బెదిరి చెయ్యి లాగేసుకుంటుంది. ఆ తర్వాత నాలుగు గంటలకోసారి ఐదు గ్రాములు. ప్రతిసారీ సూది గుచ్చే ముందు మూడు చూసుకోవాలి. మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగరాలి, ఊపిరి నిమిషానికి 16కు తగ్గకూడదు, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లయినా రావాలి.

మాగ్‌సల్ఫ్ ఇస్తే ఊపిరి ఆగిపోతుందన్న భయం నర్సుల్లో, కుర్ర డాక్టర్లలో చాలా ఉంది. మందు ఎక్కువైతే ముందు పోయేది మోకాలి కుదుపు, ఊపిరి ఆ తర్వాతే. కాలు ఎగురుతున్నంతసేపు మందు హద్దులో ఉన్నట్టే. ఎగరలేదా, ఆ డోసు ఆపేస్తాం. ఊపిరి తగ్గిందా, విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ ట్రేలోనే ఉంటుంది. రక్తంలో మెగ్నీషియం కొలిచే ల్యాబ్ లేని చోట కూడా ఒక రబ్బరు సుత్తితో నడిచే వైద్యం ఇది. నాకు ఈ గైడ్‌లైన్‌లో అన్నిటికన్నా నచ్చే ముక్క అదే.

మా ముందుతరం వాళ్లు మాగ్‌సల్ఫ్‌ను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. మేం చదివిన ప్రసూతి పుస్తకం మొదలియార్, మీనన్‌లది. అందులోని కృష్ణ మీనన్ మద్రాసులో ఫిట్స్ వచ్చిన గర్భిణులకు లార్గాక్టిల్, ఫినర్గాన్, పెథిడిన్ కలిపి ఇచ్చే పద్ధతిని నడిపి, 1961లో ఆ అనుభవాన్ని రాశారు. తన కాలానికి అది ముందడుగే. దేశంలో చాలాచోట్ల అదే పాటించారు. 1995లో మనదేశంతో సహా పలు దేశాల్లో 1,687 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలొచ్చాయి. ఫిట్స్ మళ్లీ రావడం డయాజెపామ్‌తో పోలిస్తే మాగ్‌సల్ఫ్‌తో సగానికి సగం తగ్గింది. 2002లో మరో పరీక్ష, పదివేల మందికి పైగా, 33 దేశాలు. ప్రీఎక్లాంప్సియా ఉన్నవాళ్లకు ముందే ఇస్తే అసలు ఫిట్స్ రావడమే సగానికి పైగా తగ్గింది. అయినా "నా అనుభవంలో" అని మొదలుపెట్టి డయాజెపామ్ దగ్గరే ఆగిపోయినవాళ్లను నేను చూశాను.

మా నాన్న బొగ్గుబాయిలో సర్దార్. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నా షిఫ్టు మొదలయ్యే ముందు గ్యాస్ చూడకుండా మనుషులను పని చోటికి పంపలేదు. 1.25 శాతం దాటిందంటే అందరూ వెనక్కి రావాల్సిందే. నా అనుభవంలో ఈ మాత్రం గ్యాస్‌కు ఏమీ కాదు అన్న సర్దార్‌ను ఏ గనిలోనూ ఉంచరు. మా దగ్గర మాత్రం అదే మాట అన్న డాక్టర్ సీనియర్ అనిపించుకుంటాడు. అనుభవం అక్కర్లేదని కాదు. డొక్కలో నొప్పి గ్యాస్ కాదని చేతికి తెలియడం అనుభవమే. 166/108 చూశాక మందు ఇవ్వాలా వద్దా అన్నదాంట్లో దానికి పనిలేదు.

గైడ్‌లైన్‌తో నాకున్న పేచీ వేరే చోట. "పెద్దాసుపత్రికి పంపండి" అన్న వాక్యం కాగితం మీద చిన్నది, గుండాల అడవి దారిలో చాలా పెద్దది. పంపే ముందు పది గ్రాముల మాగ్‌సల్ఫ్ రెండు పిరుదుల్లోకి ఇచ్చి పంపే అధికారం ఏఎన్ఎంకు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సూచనల్లోనే ఉంది. అయినా రిఫరల్ చీటీ ఒక్కటే చేతిలో పట్టుకుని దారిలో ఫిట్స్‌తో దిగినవాళ్లు ఉన్నారు. చీటీ రాసిన చెయ్యి గైడ్‌లైన్ పాటించానని అనుకుంటుంది.

లివర్ భయంతో, 37 వారాల దాకా ఆగకుండా ఆళ్లపల్లి అమ్మాయికి ఆ రాత్రే కాన్పు చేశాం. పిల్లాడు రెండు కిలోలకు కాస్త తక్కువ, నవజాత శిశువుల విభాగం ఎస్ఎన్‌సీయూలో పెట్టారు. మూడో రోజుకే తల్లి బీపీ 136/84కి దిగింది. "ఇంక పంపియ్యండి మేడం, ఇంటికాడ పశువులున్నయ్" అని అత్త. పంపలేదు. కాన్పయ్యాక బీపీ బాగా ఎక్కేది మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యే. సరిగ్గా అప్పుడే మనం ఇంటికి వెళ్లే బండి ఎక్కిస్తాం. ఇంటి దగ్గర బాలింతకు తలనొప్పి వస్తే చల్లగాలి తగిలిందని చెవుల్లో దూది పెడతారు. ఐదో రోజు ఆమెకు 154/100 వచ్చింది, మాత్రలు మళ్లీ మొదలుపెట్టి పదో రోజు పంపాం.

అందరినీ పది రోజులు ఉంచుకునేన్ని మంచాలు ఎక్కడివి? ఇంటికి వెళ్లినవాళ్ల దగ్గరికి మూడో రోజు, ఏడో రోజు ఆశా కార్యకర్త వెళుతుంది. ఆమె సంచిలో పిల్లను తూచే త్రాసు ఉంది, జ్వరం చూసే థర్మామీటరు ఉంది, టార్చిలైటు, గడియారం ఉన్నాయి. బీపీ మిషను లేదు. గర్భిణులకు సరిగ్గా చూపిస్తాయని పరీక్షించి తేల్చిన డిజిటల్ మిషన్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, బటన్ నొక్కితే చాలు. ఆ సంచిలో అది కూడా పెట్టమని జిల్లా సమావేశంలో అడిగాను. రాసుకున్నారు. వచ్చే సమావేశంలో మళ్లీ అడుగుతాను.