నోటికి కాపలా, చేతికి సెలవు

మా మేనల్లుణ్ని ఈ వారం వాళ్ల హీరో అభిమానుల గ్రూపులోంచి గెంటేశారు. వాడు చేసిన నేరం ఒక్కటే. కొత్త సినిమా మొదటి ఆట చూసొచ్చి, "సెకండాఫ్ కొంచెం లాగింది" అని రాశాడు. వెంటనే విచారణ మొదలైంది. "ఏ హీరో మనిషివిరా నువ్వు?" "న్యూట్రల్ ముసుగు తీసెయ్." "నెగెటివ్ టాక్ మనమే మొదలెడితే బయటోళ్లకి ఏం మిగులుద్ది?" వాడు దాచుకున్న పాత టికెట్ ముక్కలు ఫొటో తీసి రుజువుగా పెట్టాడు, పాపం. వాటిని ఎవరూ చూసినట్టు లేదు.

"పక్క హీరో ఫ్యాన్ తిడితే నవ్వుకుంటాం మావయ్యా. మనోళ్లే అంటే..." అని మొహం వేలాడేశాడు.

నాకు ఒళ్లు మండింది. టికెట్టు కొన్నవాడికి సినిమా లాగిందని చెప్పే హక్కు కూడా లేదా? కానీ వాళ్ల లెక్క నాకు తెలియనిది కాదు. పరాయివాడు ఏమన్నా "వాడంతేలే" అని కొట్టిపారేయొచ్చు. సొంతవాడు నోరు జారితే మాత్రం, "వాళ్ల ఫ్యాన్సే అంటున్నారు" అని సాయంత్రం ఆటకల్లా ఊరంతా పాకుతుంది. అందుకే ఏ అభిమాన సంఘంలోనైనా నిఘా అవతలి శిబిరం మీద కంటే ఇంట్లోవాళ్ల మీదే ఎక్కువ. సినిమా పోయిందని నిర్మాతైనా ఒప్పుకుంటాడు కానీ అభిమాని ఒప్పుకోకూడదు. ఇది సరదానా, వెట్టిచాకిరీనా? ఇలా నాలుగు చీవాట్లు పెట్టి కాలమ్ ముగించేవాణ్నే. మధ్యలో మా తెనాలి అభిమాన సంఘం ప్రెసిడెంటు ఒకాయన గుర్తొచ్చి అడ్డొచ్చాడు.

హీరో కృష్ణ సొంతూరు బుర్రిపాలెం తెనాలికి కూతవేటు దూరం కాబట్టి, మా వాళ్లకు ఆయన హీరో కంటే ముందు చుట్టం. 1986లో 'సింహాసనం' వచ్చింది. తెలుగులో మొదటి 70 ఎంఎం, డైరెక్షన్ కూడా ఆయనదే. ఇక ఊరు ఆగుతుందా? మా పేట అసోసియేషన్‌కు ప్రెసిడెంటు ఒక దర్జీ. సన్నటి మనిషి, గొంతు పెద్దది. రిలీజు రోజు తెల్లారకముందే థియేటర్ గేటు దగ్గర గుడ్డసంచి పట్టుకుని నిలబడేవాడు. లోపలికి వెళ్లే మనవాళ్లందరూ జేబులోని అగ్గిపెట్టె ఆ సంచిలో వేయాల్సిందే. "ఆట అయ్యాక తీసుకో" అనేవాడు. ఎవరి పెట్టె ఎవరిదో ఎలా తెలుస్తుందని ఒకడు అడిగితే, "బీడీ కాల్చుకునేవాడికి ఏ పెట్టయితే ఏంటి?" అన్నాడు. కర్పూరం, గుమ్మడికాయ, దిష్టి అన్నీ గేటు బయటే. చిల్లర విసిరితే తెర పాడవుతుందని కాగితం ముక్కలతోనే సరిపెట్టించేవాడు. ఆ కాగితాలు కూడా తన కొట్లో కూర్చుని కత్తెరతో కత్తిరించినవే.

కటౌట్ దగ్గర ఇంకా కఠినం. దండ వేయడానికి ఎవరు పడితే వాళ్లు సర్వెకర్రలు ఎక్కడానికి లేదు. ఆయన పేరు పెట్టి పిలిచినవాడే ఎక్కాలి. మిగతావాళ్లు కింద కర్రలు పట్టుకోవాలి. పైన కరెంటు తీగ ఎంత దూరంలో ఉందో ముందు తాను చూసుకునేవాడు.

ఆయన దేవుడేమీ కాదు. మా లెక్చరర్‌గారబ్బాయి టీ కొట్టు దగ్గర అక్కినేని నటన గురించి రెండు మంచి మాటలు అన్నాడని, తర్వాతి సినిమా స్వాగత కరపత్రంలో వాడి పేరు ఎగరగొట్టాడు. చందా మాత్రం తీసుకున్నాడు. ఆ కరపత్రంలో పేరు లేకపోవడమంటే ఎంత చిన్నతనమో ఆ వయసువాళ్లకే తెలుసు. వాడు వారం రోజులు ఆ వీధిలోకే రాలేదు. అంటే నోటికి కాపలా అప్పుడూ ఉంది. కాకపోతే చేతికీ ఉండేది.

ఇప్పుడు ఆ చేతి కాపలానే లేదు. 2020 సెప్టెంబరులో, పవన్ కల్యాణ్ పుట్టినరోజుకు కుప్పం దగ్గర శాంతిపురంలో భారీ ఫ్లెక్సీ నిలబెడుతుంటే కరెంటు తగిలి ముగ్గురు అభిమానులు చనిపోయారు. ఆగస్టు 2022లో 'పోకిరి' మళ్లీ విడుదలైన దగ్గర్నుంచి పాత సినిమాల జాతర ఊపందుకుంది. ఆ అక్టోబరులోనే తాడేపల్లిగూడెంలో ప్రభాస్ 'బిల్లా' ఆడుతుంటే హాల్లో బాణసంచా పేల్చారు, సీట్లు అంటుకున్నాయి. "లాగింది" అనే ఒక్క మాటను నిమిషాల్లో పట్టేసే కళ్లు ఇన్ని ఉన్నాయి కదా, లోపలికి వెళ్తున్న టపాకాయల సంచి ఒక్కరికీ కనపడలేదా?

పోలీసులు చూసుకుంటారంటారు. వందల మందిలో ఎవడి జేబులో ఏముందో పోలీసుకేం తెలుసు? పక్కన కూర్చున్న స్నేహితుడికి తెలుసు. లాఠీ దెబ్బను మర్నాడు గొప్పగా చెప్పుకునే కుర్రాడు, సంఘంలో పరువు పోతుందంటే మాత్రం దారికొస్తాడు. ఈ పట్టు మంచికీ పనికొస్తుంది. 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంకు పెడితే అభిమానులు వరస కట్టి రక్తం ఇచ్చారు. ఆ వరసలో అభిమానంతో వచ్చినవాళ్లే ఎక్కువ కావచ్చు. పక్కవాడు ఇచ్చాక తాను ఇవ్వకపోతే నామోషీ అని చొక్కా చెయ్యి మడిచినవాళ్లు కూడా ఉండే ఉంటారు. రక్తం ఎవరిదైనా రక్తమే.

అందుకే, అభిమాన సంఘాలు ఎత్తేయండి, ఎవడి ఇష్టం వాడిది అనేవాళ్లతో నేను లేను. పెత్తనం ఉండాలి. సినిమా ఎలా ఉందో చెప్పుకునే స్వేచ్ఛ కుర్రాళ్లకు వదిలేసి, ఆ పెత్తనమంతా గేటు దగ్గరా కటౌట్ కిందా చూపించే ప్రెసిడెంటు దొరికితే, ఆయన సంఘానికి చందా నేనిస్తాను. కరపత్రంలో నా పేరు వేయకపోయినా సరే.