గొంతు ఒకరిది, పాట ఒకరిది

"బండెనక బండి" పాట ఎవరిదని సూర్యాపేటలో ఇంటర్ చదివే మన తండా పిల్లల్ని అడిగి చూడండి. గద్దర్‌ది అంటారు. వాళ్లకు చదువు చెప్పే సార్లలో కూడా చాలామంది అదే అంటారు. నేనూ చాలా ఏళ్లు అట్లాగే అనుకున్నాను. కట్టింది బండి యాదగిరి. నైజాం మీద సాయుధ పోరాటం నడిచిన రోజుల్లో, ఆ పోరాటంలో ఉండి కట్టిన పాట అది. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' సినిమాలో గద్దర్ దాన్ని పాడారు, గొంగడి వేసుకుని తెర మీద కూడా కనిపించారు. ఆ తర్వాత పాట ఆయన గొంతుకు అతుక్కుపోయింది. ఇందులో గద్దర్ తప్పేం లేదు. రికార్డు గుణమే అంత. గొంతును దాస్తుంది, కట్టినవాడి పేరును జార్చేస్తుంది. అదే సినిమాలోని 'పల్లెటూరి పిల్లగాడ' మన పాత నల్లగొండ జిల్లాకే చెందిన సుద్దాల హనుమంతుదని ఇప్పుడు ఎంతమందికి తెలుసు?

గద్దర్ పాటల మీద వ్యాసాలు చాలా వచ్చాయి. అన్నీ ఉద్యమం చుట్టే తిరుగుతాయి. రికార్డుకెక్కిన పాటల సంగతి వేరే చూడాలని నా ఉద్దేశం. ఎందుకంటే మనలాంటి వాళ్లకు ఆయన ముందు అందింది సభలో కాదు, క్యాసెట్‌లో. మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర హమాలీలు చాయ్ తాగే హోటల్లో అరిగిపోయిన టేపులో ఆ గొంతు మొదటిసారి విన్నాను. ఆయన 1985 తర్వాత అజ్ఞాతంలోకి వెళ్లి, 1990లో మళ్లీ జనం ముందుకు వచ్చారు. మనిషి కనిపించని ఆ ఏళ్లలో ఊళ్లు తిరిగింది క్యాసెట్టే.

అయితే సభలో చూసినవాళ్లకు ఆ క్యాసెట్ సగమే. గద్దర్ ఏ పాటనూ మొదటి నుంచి చివరిదాకా ఒక్క తీరున పాడేవారు కాదు. చరణం మధ్యలో ఆపి మాట్లాడతారు, ఆ ఊరి సంగతి ఎత్తుతారు, కట్టె ఊపుతారు, జనంతో పల్లవి అనిపిస్తారు. నిన్న కోదాడలో పాడినట్టు ఇవాళ హుజూర్‌నగర్‌లో పాడరు. టేపు మీద ఈ మార్పు ఆగిపోతుంది. నాకు నచ్చిన రికార్డు ఇప్పటికీ 'మా భూమి'దే. వాయిద్యం గొంతుకు అడ్డం రాదు. 2011లో 'జై బోలో తెలంగాణ' కోసం పాడిన 'పొడుస్తున్న పొద్దు మీద' జనంలోకి ఎంతో పోయింది, నిజమే. కానీ చక్రి సంగీతంలో ఆ పాట నిండుగా, నునుపుగా ఉంది. గద్దర్ గొంతులోని గరుకు నాకందులో తక్కువే వినిపించింది. కాదనేవాళ్లు ఉంటారు, ఉండనీ.

1995లో కథ తిరగబడింది. 'ఒరేయ్ రిక్షా'లోని అన్నాచెల్లెళ్ల పాట రాసింది గద్దర్, పాడింది వందేమాతరం శ్రీనివాస్. ఈసారి వినేవాళ్లకు ముందు గుర్తొచ్చే గొంతు వేరేవాళ్లది. ఆ పాటకు వచ్చిన నంది అవార్డును గద్దర్ వద్దన్నారు. ఇప్పుడు ప్రభుత్వం ఇచ్చే సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టారు. 2023 ఆగస్టు 6న ఆయన పోయారు గనక, దీనికి ఏమంటారో అడిగే వీలు లేదు.

ఇక మన సంగతి. గద్దర్ బాణీలు చాలావరకు ఆయన పుట్టించినవి కావు. కూలీలవి, వీధి ఆటలవి, అమ్మలవి. తల్లి లచ్చుమమ్మ దగ్గరే పాట నేర్చుకున్నానని ఆయన ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు నాకు ఇష్టం. కానీ తల్లి పేరు చెప్పినంత తేలికగా తండా పేరు, గూడెం పేరు ఎవరూ చెప్పరు. 'రేలా' అన్న పల్లవినే చూడండి. కోయ, గోండు ఆటపాటల్లోంచి అది విప్లవ పాటల్లోకి నడిచింది, చివరికి టీవీ కార్యక్రమం పేరైంది. ఏ గూడెం నుంచి వచ్చిందో టీవీ చూసేవాళ్లకు తెలిసే దారే లేదు.

చివ్వెంల, దామరచర్ల, మఠంపల్లి తండాల్లో ఇప్పుడు పెళ్లి అంటే డీజే. గోర్ బోలి పాటకు దరువు వేసి, ఎవరో పాడి, ఫోన్లలోకి వదులుతున్నారు. కింద పాడినవాళ్ల పేరు ఉంటుంది, స్టూడియో పేరు ఉంటుంది. మా యాడి పాడే తీజ్ పాట ఒకటి ఈ మధ్య అట్లా విన్నాను. రెండు చరణాలు లేవు, మాటలు కొన్ని మారాయి, ఎవరి దగ్గర విన్నారో ఒక్క ముక్క రాయలేదు. యాడికి వినిపిస్తే నవ్వి, "మన పాటే, కానీ ఉరుకుతోంది" అంది.

ఆ రాత్రి నా ఫోన్‌లో ఆమె పాట పట్టాను. పెళ్లికూతురు ఏడుస్తూ పాడే ఢావ్లో కూడా పాడమన్నాను. పెళ్లి లేకుండా అది నోటికి రాదంది. వచ్చినంతవరకు పాడింది. మధ్యలో దగ్గు ఉంది, మేక అరుపు ఉంది. ఫైలుకు ఆమె పేరు, తండా పేరు, తారీఖు, ఆమెకు ఆ పాట నేర్పిన మేనత్త పేరు రాసిపెట్టాను. మేనత్తకు ఎవరు నేర్పారో యాడికి గుర్తు లేదు.